పొలం అమ్మి బాస్కెట్‌బాల్‌కి పంపాలా?

ప్రశ్న: మాది తెనాలి దగ్గర పల్లెటూరు. మా అబ్బాయికి 17 ఏళ్లు. ఎత్తు ఆరడుగుల ఐదంగుళాలు, ఇంకా ఆగలేదు. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. తొమ్మిదో తరగతిలో వాడి ఎత్తు చూసి పీఈటీ సారు బాస్కెట్‌బాల్‌లో పెట్టారు. పోయినేడు జిల్లా జట్టుకీ, తర్వాత స్టేట్ జట్టుకీ ఎంపికయ్యాడు. ఇప్పుడు ఇంటర్ రెండో ఏడాది, ఎంపీసీ. ఈమధ్య ఒక ఏజెన్సీ వాళ్లు వాడి వీడియోలు చూసి ఫోన్ చేశారు. అమెరికాలో ఒక ప్రెప్ స్కూల్లో, అంటే కాలేజీకి తయారుచేసే స్కూల్లో చేర్పిస్తాం, ఏడాదికి 35 లక్షలవుతుంది, ఆ తర్వాత కాలేజీ స్కాలర్‌షిప్ గ్యారంటీ, అక్కణ్నుంచి అమెరికాలోని పెద్ద బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ అంటున్నారు. మావారు చిన్నప్పుడు వాలీబాల్ బాగా ఆడేవారట, మా మామగారు మాన్పించారు. అందుకని ఇప్పుడు రెండెకరాలు అమ్మయినా పంపుదామంటున్నారు. మామగారు ససేమిరా అంటున్నారు. పిల్లాడేమో రోజూ సత్నాం సింగ్ వీడియోలు చూపించి "అమ్మా, ఆయనదీ పల్లెటూరే" అంటాడు. ప్రొఫెషనల్ ప్లేయర్ అంటే అసలు ఆ బతుకెలా ఉంటుంది? నిజంగా డబ్బొస్తుందా? పంపమంటారా? నాకు టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఇంకో చిన్న విషయం, వాడి కాలికి ఇక్కడ ఏ కొట్లోనూ బూట్లు దొరకడం లేదు.
— ఒక తల్లి, గుంటూరు జిల్లా

జవాబు: అమ్మా, ముందు సూటిగా చెప్పేస్తాను. ఈ ఏజెన్సీ చెప్పిన దారిలో, పొలం అమ్మి, ఈ ఏడాది పంపకండి. అలాగని ఆట మాన్పించకండి. ఎందుకో చెప్పాలంటే కొంచెం వివరంగా మాట్లాడుకోవాలి.

మీవాడు సత్నాం సింగ్ పేరెత్తాడు కాబట్టి అక్కణ్నుంచే మొదలుపెడదాం. ఎందుకంటే ఆ వీడియోల్లో సాధారణంగా సగం కథే ఉంటుంది.

సత్నాం సింగ్ భమరా 1995 డిసెంబరులో పుట్టాడు. ఊరు పంజాబ్‌లోని బర్నాలా జిల్లా బల్లోకే, చిన్న పల్లె. తండ్రి బల్బీర్ సింగ్ రైతు, ఆయన ఎత్తే ఏడడుగుల పైమాట. వయసులో ఉండగా ఆయన్నీ బాస్కెట్‌బాల్ ఆడమని చెప్పినవాళ్లున్నారు. ఇంట్లో పెద్దలు మాత్రం పొలం పనికి మనిషి కావాలని పంపలేదు. చూశారా, మీవారి సంగతి ఎక్కడో పంజాబ్‌లో కూడా జరిగింది! కొడుకు చెట్టులా ఎదుగుతుంటే ఆ పాత కోరిక మళ్లీ తలెత్తింది. పదేళ్ల వయసులోనే పిల్లాణ్ని లూథియానా బాస్కెట్‌బాల్ అకాడమీలో వేశారు. మన దేశంలో ఎత్తయిన ఆటగాళ్లను తయారు చేయడంలో ఆ అకాడమీకి పెద్ద పేరు. 2010లో ఐఎంజీ అనే క్రీడా సంస్థ, రిలయన్స్ కలిసి నడిపిన పథకం కింద దేశం మొత్తం మీద కొద్దిమంది పిల్లల్ని ఏరి ఫ్లోరిడా రాష్ట్రం బ్రేడెంటన్‌లోని ఐఎంజీ అకాడమీకి పంపారు. వాళ్లలో సత్నాం ఒకడు. అప్పటికి 14 ఏళ్లు. ఇంగ్లీషు దాదాపు రాదు. ఫీజు, తిండి, బస అన్నీ స్కాలర్‌షిప్పే. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి, ఏజెన్సీ గురించి మాట్లాడేటప్పుడు పనికొస్తుంది.

అయిదేళ్లు అక్కడే ఉన్నాడు. ఏడడుగుల రెండంగుళాలయ్యాడు. అమెరికాలో మామూలు దారి ఏమిటంటే స్కూలు అయ్యాక కాలేజీ జట్టులో ఆడటం, అక్కడ మెరిస్తే ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌కి వెళ్లడం. సత్నాంకి కాలేజీలో చేరడానికి కావలసిన చదువు అర్హత కుదరలేదు. అందుకని కాలేజీ మెట్టు ఎక్కకుండానే 2015 డ్రాఫ్ట్‌లో పేరిచ్చాడు. డ్రాఫ్ట్ అంటే జట్లన్నీ ఏడాదికోసారి కొత్త కుర్రాళ్లను వరసగా ఎంచుకోవడం. రెండు రౌండ్లు, అప్పట్లో మొత్తం 60 పేర్లు. ఆ జూన్ 25న డల్లాస్ మావెరిక్స్ జట్టు 52వ పేరుగా సత్నాంని తీసుకుంది. భారత్‌లో పుట్టి ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో ఎంపికైన మొదటివాడు. మీ అబ్బాయి చూపించే వీడియో ఇక్కడితో ఆగిపోయి ఉంటుంది.

ఆ తర్వాత జరిగింది ఇది. రెండో రౌండ్‌లో ఎంపికైనవాళ్లకు జీతం గ్యారంటీ ఏమీ ఉండదు. మావెరిక్స్ ఆయన్ని తమ అనుబంధ జట్టు టెక్సాస్ లెజెండ్స్‌కి పంపింది. ఆ జట్టు ఉండేది ఫ్రిస్కోలో. అవును, మన తెలుగువాళ్లు కాలనీలకు కాలనీలు ఉండే ఆ ఫ్రిస్కోనే. అక్కడ రెండు సీజన్లున్నాడు. ఎక్కువ సేపు బెంచి మీదే గడిచింది. ఎన్‌బీఏ సీజన్ మ్యాచ్ ఒక్కటి కూడా ఆడలేదు. ఇండియాకి వచ్చి ఇక్కడి యూబీఏ లీగ్‌లో చేరాడు, తర్వాత కెనడాలో సెయింట్ జాన్స్ ఎడ్జ్ అనే జట్టుకి వెళ్లాడు. 2019 చివర్లో సౌత్ ఏషియన్ గేమ్స్ శిబిరంలో ఉండగా చేసిన డోపింగ్ పరీక్షలో హైజనమైన్ అనే నిషిద్ధ పదార్థం బయటపడింది. రెండేళ్ల నిషేధం. అది ముగుస్తున్న 2021లోనే ఏఈడబ్ల్యూ అనే అమెరికన్ రెజ్లింగ్ సంస్థలో చేరాడు. ఆ తర్వాత ఆయన వృత్తి అదే అయింది. 25 ఏళ్లకే ఆయన బాస్కెట్‌బాల్ జీవితం దాదాపు ముగిసిపోయింది.

ఇది చెప్పి మీవాణ్ని భయపెట్టాలని కాదు. సత్నాం సాధించింది చిన్నదేమీ కాదు. పల్లెటూరి పిల్లాడు ఆ వేదిక దాకా వెళ్లడం మామూలు విషయమా! కానీ అంత ఎత్తు ఉండి, అంత శిక్షణ ఉండి, ఎందుకు నిలవలేదు? నాకు కనపడే కారణాలు రెండు.

ఒకటి, ఆట మారిపోయింది. అదే 2015 జూన్‌లో, ఆ డ్రాఫ్ట్‌కి సరిగ్గా తొమ్మిది రోజుల ముందు, గోల్డెన్ స్టేట్ వారియర్స్ ఎన్‌బీఏ టైటిల్ గెలిచింది. ఫైనల్స్‌లో వెనకబడ్డప్పుడు వాళ్ల కోచ్ ఏం చేశాడో తెలుసా? రింగ్ దగ్గర ఆడే ఏడడుగుల సెంటర్ ఆండ్రూ బోగట్‌ని పక్కన కూర్చోబెట్టి, ఆరడుగుల ఆరంగుళాల ఆండ్రే ఇగ్వోడాలాని మొదటి అయిదుగురిలోకి తెచ్చాడు. వరసగా మూడు మ్యాచ్‌లు గెలిచారు, ఫైనల్స్‌లో ఉత్తమ ఆటగాడి అవార్డు ఇగ్వోడాలాకే వచ్చింది. ఆ తర్వాత ప్రతి జట్టూ అదే బాట. రింగ్ కింద నిలబడి బంతి అందుకునే నిదానమైన పొడుగువాడికి గిరాకీ పడిపోయింది. రింగ్‌కి దూరంగా ఉండే మూడు పాయింట్ల గీత దగ్గరికొచ్చి కాపలా కాయగలగాలి, అక్కణ్నుంచి బంతి వేయగలగాలి. సత్నాం నేర్చుకున్నది పాత ఆట, బజారులో అమ్ముడవుతున్నది కొత్త ఆట.

రెండో కారణం నా లెక్కలో ఇంకా పెద్దది. ఆయన కోర్టులో గడిపిన నిమిషాలు చాలవు. ప్రాక్టీస్ బోలెడు చేశాడు, జిమ్ చేశాడు. కానీ గట్టి ప్రత్యర్థుల మీద, ఓడిపోతే నష్టం ఉన్న మ్యాచ్‌ల్లో, మ్యాచ్‌కి ముప్పై నిమిషాల చొప్పున ఏళ్ల తరబడి ఆడే అవకాశం రాలేదు. కాలేజీ మెట్టు తప్పిపోవడం అందుకే దెబ్బ కొట్టింది. పెద్ద జట్టులో చివరి కుర్చీ దొరకడం గొప్పగా కనిపిస్తుంది గానీ, 19 ఏళ్ల కుర్రాడు అక్కడ కూర్చుంటే ఆట ఎదగదు.

ఇప్పుడు మీవాడి సంగతి. తెనాలిలో, గుంటూరులో ఆరడుగుల ఐదంగుళాలంటే రోడ్డు మీద జనం తిరిగి చూస్తారు. జట్టులో వాడే అందరికంటే పొడుగు. అందుకని కోచ్ వాణ్ని రింగ్ కింద నిలబెట్టి ఉంటారు. నిలబడు, బంతి పట్టు, వేసేయ్. నా అనుమానం తప్పు కాకపోతే వాడికి డ్రిబ్లింగ్ పెద్దగా రాదు, దూరం నుంచి బంతి వేసే అలవాటు లేదు. ఎన్‌బీఏలో సగటు ఎత్తే దాదాపు ఆరడుగుల ఆరంగుళాలమ్మా. అక్కడికి వెళితే మీవాడు పొడుగువాడు కాదు, గార్డ్ ఎత్తు. అంటే బంతిని చేతిలో పెట్టుకుని జట్టుని నడిపేవాళ్లతో పోటీ. ఆ పని వాడికి ఎవరూ నేర్పలేదు. ఈ ఒక్క కారణం చాలు, ఇప్పుడు పంపొద్దనడానికి.

బతుకెలా ఉంటుందని అడిగారు. ఎన్‌బీఏలో జట్లు 30. ఒక్కో జట్టుకి 15 మంది, అంటే 450 ఉద్యోగాలు. దీనికి తోడు పెద్ద జట్టుకీ, కింది జట్టుకీ మధ్య తిరుగుతుండే 'టూ వే' కాంట్రాక్టులు జట్టుకి మూడు. ప్రపంచం మొత్తానికి ఇంతే. ఆ 450లో ఒకడైతే కొత్తవాడికి కూడా ఏడాదికి పది లక్షల డాలర్లకు పైనే వస్తుంది. కింద ఉండే జీ లీగ్‌లోనైతే సీజన్‌కి సుమారు 40 వేల డాలర్లు, బస వాళ్లే ఇస్తారు. ఐదారు నెలల సీజన్, మామూలు విమానాల్లో ఇరుకు సీట్లు, రాత్రి ఒక ఊళ్లో మ్యాచ్, తెల్లారి ఇంకో ఊరు. ఎప్పుడు తీసేస్తారో తెలియదు. ఫోన్ మోగితే అది పైనుంచి పిలుపో, సామాను సర్దుకోమనే మాటో ఎత్తేదాకా తెలియదు. అమెరికా కాలేజీ జట్లలో ఆడే వేలమందిలో డ్రాఫ్ట్ దాకా వెళ్లేది నూటికి ఒక్కరు అటూ ఇటూ.

సిమ్ భుల్లర్ అనే కెనడా కుర్రాడున్నాడు, పంజాబీ తల్లిదండ్రుల బిడ్డ, ఏడడుగుల ఐదంగుళాలు. 2015 ఏప్రిల్‌లో శాక్రమెంటో కింగ్స్ పది రోజుల కాంట్రాక్టు ఇచ్చింది. భారత సంతతి నుంచి ఎన్‌బీఏ మ్యాచ్ ఆడిన మొదటివాడు ఆయనే. ఆడినవి మూడు మ్యాచ్‌లు, అవీ చివరి క్షణాల్లో. కానీ భుల్లర్ అక్కడితో ఆగలేదు. తైవాన్ వెళ్లాడు, అక్కడి లీగ్‌లో పెద్ద పేరు తెచ్చుకుని ఏళ్ల తరబడి ఆడాడు. నన్నడిగితే ప్రొఫెషనల్ ప్లేయర్ అంటే అసలు అర్థం అది. తైవాన్, జపాన్, ఆస్ట్రేలియా, ఫిలిప్పీన్స్, తుర్కియే, స్పెయిన్, ఇలా ఎక్కడ జీతమిస్తే అక్కడికి పెట్టె పట్టుకుని వెళ్లే బతుకు. పోస్టర్లలో కనిపించేవాళ్లు కొద్దిమంది, మిగిలినవాళ్లు ఏడాది ఏడాదికి కొత్త భాష వింటూ, ఒంటరిగా వండుకుంటూ, మోకాళ్లకు ఐస్ పెట్టుకుంటూ గడుపుతారు. అయినా ఆడతారు. ఆట మీద అంత ఇష్టం ఉన్నవాళ్లే అక్కడ మిగులుతారు కూడా.

మన దేశం నుంచి అలా వెళ్లినవాళ్లున్నారు. అమృత్‌పాల్ సింగ్ అమృత్‌సర్ వైపు పల్లె నుంచి వచ్చినవాడు. కుర్రతనంలో కబడ్డీ ఆడేవాడు, బాస్కెట్‌బాల్ పట్టుకునేసరికే దాదాపు పద్దెనిమిదేళ్లు దాటాయి. జపాన్‌లో ఆడి 2017లో ఆస్ట్రేలియాలో సిడ్నీ కింగ్స్ జట్టుకి వెళ్లాడు. అమ్‌జ్యోత్ సింగ్ జపాన్‌లో ఆడాక 2017-18లో జీ లీగ్‌లో ఓక్లహోమా సిటీ బ్లూకి ఆడాడు. వారణాసికి చెందిన విశేష్ భృగువంశీ అదే 2017లో ఆస్ట్రేలియాలోని అడిలైడ్ జట్టుతో ఒప్పందం చేసుకున్నాడు, 2020లో అర్జున అవార్డు అందుకున్నాడు. మీవాడికి ఈ పేర్లు చెప్పండి. వీళ్ల దారి ఒకసారి గమనించమనండి. ముగ్గురూ ముందు ఇక్కడ పేరు తెచ్చుకున్నారు, భారత జట్టుకి ఆడారు, అంతర్జాతీయ టోర్నీల్లో వీళ్ల ఆట చూసి బయటి జట్లు పిలిచాయి. వీళ్లు ఫీజు కట్టలేదు, వీళ్లకే జీతమిచ్చారు.

ఇంకో సంగతి. ఈ ముగ్గురి పేర్లతోపాటు వినిపించే ఇంకో పేరు ఓఎన్‌జీసీ. మన దేశంలో బాస్కెట్‌బాల్ ఆటగాడికి అన్నం పెట్టేది ఇప్పటికీ ఇలాంటి సంస్థలే. రైల్వేలు, ఓఎన్‌జీసీ, ఇండియన్ ఓవర్సీస్ బ్యాంక్, ఆదాయపు పన్ను శాఖ, పోలీసు, సైన్యం. లీగ్‌లు వచ్చాయి, పోయాయి. 2015లో వచ్చిన యూబీఏ రెండేళ్లకే ఆగిపోయింది, 2022లో ఐఎన్‌బీఎల్ అని ఇంకొకటి మొదలైంది. వీటి మీద సంసారం నడపలేం. ఉద్యోగం మీద నడపగలం. గీతూ అన్నా జోస్ అనే కేరళ అమ్మాయి ఆస్ట్రేలియాలో క్లబ్ జట్టుకి ఆడింది, 2011లో అమెరికా మహిళల లీగ్ డబ్ల్యూఎన్‌బీఏ జట్ల ట్రయల్స్‌కి వెళ్లింది, ఎంపిక కాలేదు. తిరిగొచ్చాక ఆవిడ రోడ్డున పడలేదు, సదరన్ రైల్వేలో ఉద్యోగం ఉంది, ఆట సాగింది, తర్వాత అర్జున అవార్డూ వచ్చింది. మీ అబ్బాయికి "రైల్వే ఉద్యోగం" అంటే చప్పగా వినపడుతుంది, ఆ వయసే అంత. మీకు మాత్రం అది వినడానికి హాయిగా ఉంటుందని తెలుసు.

మీకు దగ్గర్లో సికింద్రాబాద్ కేంద్రంగా సౌత్ సెంట్రల్ రైల్వే ఉంది. స్పోర్ట్స్ కోటా నోటిఫికేషన్లు వస్తుంటాయి. జాతీయ పోటీల్లో, అంతర్జాతీయ పోటీల్లో సాధించిన స్థాయిని బట్టి ఉద్యోగం లెవెల్ ఉంటుంది. కాబట్టి వాడు ఆడిన ప్రతి టోర్నీ సర్టిఫికెట్ ఒరిజినల్ జాగ్రత్తగా పెట్టండి. ఫారంలో పేరు, పుట్టినరోజు ఆధార్‌లో ఉన్నట్టే ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి. అక్షరం తేడా ఉన్నందుకు ఆఫీసుల చుట్టూ తిరిగిన పిల్లల్ని చాలామందిని చూశాను.

ఇక ఏజెన్సీ సంగతి. స్కాలర్‌షిప్ గ్యారంటీ అన్నారట. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది. కాలేజీ స్కాలర్‌షిప్ ఇచ్చేది ఆ కాలేజీ కోచ్. మీవాడి ఆట చూడకుండా, ఇంకా చేరని స్కూలు తరఫున ఎవరో ఫోన్‌లో ఎలా గ్యారంటీ ఇస్తారు? అమెరికాలో ప్రెప్ స్కూళ్లన్నీ మోసం అనడం లేదు, మంచివి ఉన్నాయి. కానీ వాళ్లకు నిజంగా కావలసిన కుర్రాడైతే స్కూలే ఫీజు తగ్గిస్తుంది, కొన్నిసార్లు పూర్తిగా మాఫీ చేస్తుంది. సత్నాం అలాగే వెళ్లాడు. గురుదాస్‌పూర్ జిల్లా కుర్రాడు ప్రిన్స్‌పాల్ సింగ్ నోయిడా దగ్గరి ఎన్‌బీఏ అకాడమీకి ఎంపికై, అక్కణ్నుంచి ఆస్ట్రేలియాలోని ఎన్‌బీఏ గ్లోబల్ అకాడమీకి, తర్వాత జీ లీగ్ ఇగ్నైట్ జట్టుకి వెళ్లాడు. మీ దగ్గర పూర్తి ఫీజు అడుగుతున్నారంటే వాళ్ల దృష్టిలో మీ అబ్బాయి ఆటగాడు కాదు, ఖాతాదారు. కఠినంగా అన్నానేమో, ఏమనుకోకండి.

చదువు వైపు నుంచి కూడా ఒక గొయ్యి ఉంది. అమెరికాలో పెద్ద కాలేజీ జట్లుండేది ఎన్‌సీఏఏ డివిజన్ 1లో. అందులో ఆడాలంటే హైస్కూల్లో 16 ముఖ్య సబ్జెక్టుల లెక్క సరిపోవాలి, వాటిలో తగిన మార్కులుండాలి, వాళ్ల ఎలిజిబిలిటీ సెంటర్ మన మార్కుల లిస్టులు చూసి ఒప్పుకోవాలి. మన తొమ్మిది, పది, ఇంటర్ మార్కులన్నీ లెక్కలోకి వస్తాయి. ఇంటర్ పాడు చేసుకుని వెళితే అక్కడ తలుపు మూసుకుంటుంది. సత్నాంకి జరిగింది అదే కదా. స్కూలు చదువు అయ్యాక ఆలస్యం చేస్తే బాస్కెట్‌బాల్‌లో ఒక్క ఏడాది వరకే మినహాయింపు, అంతకు మించితే కాలేజీలో ఆడే ఏళ్లలో కోత పడుతుందని చాలాకాలంగా నియమం. ఈ నియమాలు ఈమధ్య తరచూ మారుతున్నాయి, కాబట్టి ఏజెన్సీ మాట మీద కాకుండా ఎలిజిబిలిటీ సెంటర్ వెబ్‌సైట్‌లో మీరే చూసుకోవాలి. ఇంటర్ అయ్యాక రెండేళ్లు ప్రెప్ స్కూల్లో ఉంచుతామని ఎవరైనా అంటే అక్కడే అనుమానించండి. డివిజన్ 3 కాలేజీలు అసలు ఆట పేరు మీద స్కాలర్‌షిప్పే ఇవ్వవని కూడా తెలిసి ఉండండి. "కాలేజీలో సీటు" అనే మాట వెనక చాలా దాచవచ్చు.

మళ్లీ ఫోన్ చేస్తే ఇవి అడగండి. ఏ స్కూలు, పేరేమిటి? పోయిన మూడేళ్లలో మీరు పంపిన మన దేశం పిల్లలెవరు, ఇప్పుడు ఏ కాలేజీలో, ఏ డివిజన్‌లో ఆడుతున్నారు, మ్యాచ్‌కి ఎన్ని నిమిషాలు? ఆ పిల్లల తల్లిదండ్రులతో మాట్లాడిస్తారా? స్కూలు కోచ్ మా అబ్బాయి పూర్తి మ్యాచ్ వీడియో చూశాడా, ఏ స్థానంలో ఆడిస్తానంటున్నాడు? స్కాలర్‌షిప్ రాకపోతే డబ్బు వెనక్కిస్తామని కాగితం మీద రాసిస్తారా? చివరి ప్రశ్న దగ్గరే సగంమంది ఫోన్ పెట్టేస్తారు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమైన విషయం. సన్నగా, పొడుగ్గా ఉంటాడని రాశారు. ఈ నెలలోనే ఒకసారి గుండె డాక్టరుకి చూపించి ఎకో పరీక్ష చేయించండి. కంగారు పడకండి, వాడికేదో ఉందని కాదు. చాలా పొడుగ్గా, సన్నగా, చేతులూ వేళ్లూ బారుగా ఉండే పిల్లల్లో కొద్దిమందికి మార్ఫన్ సిండ్రోమ్ అనే పుట్టుకతో వచ్చే సమస్య ఉంటుంది. గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళం బలహీనంగా ఉంటుంది, గట్టిగా పరిగెత్తే ఆటల్లో అది ప్రాణానికే ముప్పు. 2014లో ఐజయా ఆస్టిన్ అనే ఏడడుగుల అమెరికన్ కుర్రాడికి డ్రాఫ్ట్‌కి కొద్ది రోజుల ముందు చేసిన పరీక్షల్లో ఇది బయటపడింది. ఇక ఆడొద్దన్నారు. డ్రాఫ్ట్ రోజున ఎన్‌బీఏ కమిషనర్ గౌరవంగా అతని పేరు వేదిక మీద పిలిచాడు. కళ్లజోడు పవరు ఎక్కువగా ఉన్నా, ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా పోయి ఉన్నా డాక్టరుకి తప్పకుండా చెప్పండి. ఎకో బాగుంటే నిశ్చింతగా ఆడనివ్వండి.

మోకాలి చిప్ప కింద నొప్పి అంటుంటే "ఆటన్నాక మామూలే" అని వదిలేయొద్దు. ఎదిగే వయసులో సిమెంటు నేల మీద గంటలకొద్దీ దూకితే ఆ నొప్పి ముదురుతుంది. వీలైనంత వరకు చెక్క నేల గానీ సింథటిక్ పూత గానీ ఉన్న కోర్టు వెతకండి, వారానికి ఒక రోజు పూర్తి విశ్రాంతి ఇవ్వండి. జిమ్‌లో ఎవరో ఇచ్చిన పౌడర్లు, మాత్రలు ముట్టుకోనివ్వకండి. నిషిద్ధ పదార్థాలు కావాలని తీసుకుంటేనే ఒంట్లోకి రానక్కర్లేదు, ఇలాంటి డబ్బాల్లోంచి కూడా వస్తాయి. నేను వాడిందాంట్లో అది ఉందని తెలియదంటే నిషేధం ఆగదు. జలుబు మందు వేసుకునే ముందు కూడా మన దేశపు డోపింగ్ నిరోధక సంస్థ నాడా వాళ్ల 'నో యువర్ మెడిసిన్' యాప్‌లో పేరు చూసుకోవడం అలవాటు చేయండి. గుడ్లు, పప్పు, పెరుగు, మాంసం, మీ ఊరి పాలు, వీటితో కావలసిన బలం వస్తుంది. వాడు తినే తిండి చూసి మీరు ఆశ్చర్యపోతూ ఉండి ఉంటారు, తిననివ్వండి.

మరి ఈ ఏడాదేం చేయాలి? ఇంటర్ మంచి మార్కులతో పూర్తి కావాలి. రెండో ఏడాది కాబట్టి కాలేజీవాళ్లు ఆట మానేయమని ఒత్తిడి చేస్తుండవచ్చు. రెసిడెన్షియల్‌లో ఉంటే డే స్కాలర్‌గా మార్చండి. పొద్దున గంటన్నర, సాయంత్రం గంటన్నర కోర్టులో ఉంటే చదువేమీ చెడదు. ఆ మూడు గంటల్లో సగం బంతిని నేలకు కొడుతూ పరిగెత్తడమే ఉండాలి, ఎడమ చేత్తో కూడా. రోజూ మూడు పాయింట్ల గీత నుంచి వేసినవెన్ని, పడ్డవెన్ని అని నోట్‌బుక్‌లో రాయమనండి. వాళ్ల కోచ్ గారిని మీరే వెళ్లి అడగండి, "సారూ, మావాణ్ని ప్రాక్టీస్‌లోనైనా గార్డ్‌గా ఆడించండి" అని. మంచి కోచ్ అయితే సంతోషిస్తారు. ఈ ప్రాంతంలో త్రీ ఇంటూ త్రీ టోర్నీలు ఎక్కడ జరిగినా పంపండి. సగం కోర్టు, అటు ముగ్గురు ఇటు ముగ్గురు, అందులో దాక్కోవడానికి చోటుండదు, పొడుగువాడైనా బంతి తిప్పక తప్పదు. టోక్యో నుంచి అది ఒలింపిక్ క్రీడ కూడా.

వయసు బట్టి చూస్తే ఇంకా అండర్-18 జూనియర్ నేషనల్స్‌కి, స్కూల్ గేమ్స్ అండర్-19కి అవకాశం ఉండొచ్చు. తేదీల లెక్క కోచ్‌తో సరిచూసుకోండి. స్టేట్ జట్టులో పేరుండటం వేరు, ఆడటం వేరు. నేషనల్స్‌లో మ్యాచ్‌కి పాతిక నిమిషాలు కోర్టులో ఉన్నాడా, ఐదు నిమిషాలా? మీరు వాడి ఎదుగుదలని కొలవాల్సింది ఆ లెక్కతోనే. ఇంటర్ అయ్యాక కాలేజీ ఎంచుకునేటప్పుడు కూడా ర్యాంకు ఒక్కటే చూడొద్దు. గట్టి బాస్కెట్‌బాల్ జట్టు ఉండి, ఇంటర్ యూనివర్సిటీ పోటీల్లో నిలబడే యూనివర్సిటీ అయితే మేలు. చెన్నై వైపు అలాంటి కాలేజీలు స్పోర్ట్స్ కోటాలో సీటు, హాస్టల్ ఇచ్చి తీసుకుంటాయి. మీ వైపు నుంచి రైలు ఎక్కితే ఒక రాత్రి ప్రయాణం, పొలం అమ్మక్కర్లేదు. అక్కడ రెండేళ్లు ఆడి, ఇండియా శిబిరానికి పిలుపు వస్తే అప్పుడు విదేశం సంగతి మళ్లీ మాట్లాడుకుందాం. అమృత్‌పాల్ ఆట మొదలుపెట్టిన వయసుకి మీవాడు స్టేట్ ఆడేశాడు. ఆలస్యం ఏమీ లేదు.

మీవారితో ఈ మాట మెల్లగా చెప్పండి. తనకు దొరకనిది కొడుక్కి ఇవ్వాలనుకోవడంలో తప్పేమీ లేదు. కానీ రెండెకరాలు అమ్మి పంపితే ఆ కుర్రాడు ప్రతి మ్యాచ్‌లోనూ ఆ రెండెకరాల్ని వీపున మోస్తాడు. బంతి తప్పితే పొలం గుర్తొస్తుంది. 18 ఏళ్లవాడి మీద అంత బరువు పెట్టకూడదు. మీవారి కోరిక తీరే దారి ఇంకొకటుంది, వాడి మ్యాచ్‌లకు వెంట వెళ్లమనండి, ఫోన్‌లో పూర్తి మ్యాచ్ వీడియో తీయమనండి. ముక్కలు ముక్కలుగా బాగున్న షాట్లే కాదు, మొదటి నుంచి చివరిదాకా. రేపు ఏ కోచ్‌కి పంపాలన్నా అదే అడుగుతారు. మామగారిని కూడా ఒక మ్యాచ్‌కి తీసుకెళ్లండి. పొలం అమ్మడం లేదని ముందే చెప్పి తీసుకెళ్తే ఆయన ఆట చూస్తారు, లేకపోతే ఖర్చు లెక్కలు వేస్తూ కూర్చుంటారు.

బూట్ల సంగతి. సాయంత్రం పూట వాడి రెండు పాదాలూ కాగితం మీద పెట్టి గీసి, పొడుగు సెంటీమీటర్లలో కొలవండి. ఒక పాదం కాస్త పెద్దదిగా ఉంటే దాని కొలతే తీసుకోండి. పెద్ద సైజులు మన కొట్లలో తెప్పించరు, కంపెనీల సొంత వెబ్‌సైట్లలో దొరుకుతాయి. యూకే సైజుకీ యూఎస్ సైజుకీ సాధారణంగా ఒక అంకె తేడా ఉంటుంది, అందుకని అంకె చూసి కొనకుండా సెంటీమీటర్ల పట్టిక చూసి కొనండి. పరుగు బూట్లతో ఈ ఆట ఆడనివ్వొద్దు, పక్కకి తిరిగేటప్పుడు చీలమండ మెలిక పడుతుంది. బాస్కెట్‌బాల్‌కని చేసినవే కావాలి. వాడు ఇంకా పెరుగుతున్నాడన్నారు కాబట్టి ఖరీదైనవి రెండు జతలు ఒకేసారి కొనేయకండి, ఆరు నెలల్లో పట్టకపోవచ్చు.